నేల పదును కొలుచుట ఎట్లు?

“కుండీకి నీరు ఎప్పుడు పోయవలెను?” అను ప్రశ్న వినుటకు మిగుల స్వల్పముగా తోచును. రాయదుర్గములో, మెట్రోరైలు నీలిమార్గము వచ్చి ముగియు స్టేషనుకు అనతిదూరమున, కొండరాళ్లను తొలిచి అంతస్తుపై అంతస్తుగా లేపిన భవనములలో కాపురముండువారిలో, వసారా కమ్ముల వెంబడి ఒక తులసినో, రెండు కరివేపాకు మొక్కలనో, ఒక మల్లెతీగనో పెంచుకొననివారు అరుదు. సంక్రాంతికి స్వగ్రామమునకు పోయి, కనుమ ముగిసిన పిమ్మట తిరిగివచ్చి, తాళము తీయగనే ఆ మొక్కలవైపు దిగులుగా చూడనివారు అంతకన్నను అరుదు. ఆకులు వాడి వ్రేలాడుచుండును. వెంటనే చెంబెడు నీరు పోయుదురు. తేరుకొన్నదా, సంతోషము. తేరుకొననిచో మరునాడు రెండు చెంబులు, ఆ మరునాడు మూడు చెంబులు. వారము తిరుగకమునుపే కుండీ ఖాళీ యగును.

ఇందలి మాయ యేమనగా, నీరు చాలని మొక్కయు నీరు మితిమీరిన మొక్కయు పైకి ఒకే తీరుగా వాడును. వేరు నీటిని త్రాగుటయే కాదు, గాలిని కూడ పీల్చును. మట్టిరేణువుల నడుమనున్న సందులన్నియు నీటితోనే నిండిపోయినచో దానికి ప్రాణవాయువు అందదు. అందని వేరు కుళ్లును. కుళ్లిన వేరు నీటిలో మునిగియుండియు ఆ నీటిని పైకి చేర్చలేదు. కావున ఆకును చూచి నీరు పోయువాడు, రోగి మూలుగును విని మందిచ్చు వైద్యుని వంటివాడు. పోనీ మట్టిని చూతమా యన్నచో కంటికి కనబడునది పైమట్టియే. అది మధ్యాహ్నపుటెండకు తెల్లబారి పొడియై యున్నను వ్రేలెడు లోతున తడితడిగా ఉండవచ్చును.

ఆ వ్రేలెడు లోతున ఏమి జరుగుచున్నదో తెలుపు పరికరమును ఇంటిలోనే నిర్మించుకొనవచ్చును. సాయిల్ మాయిశ్చర్ సెన్సర్ అని లోకములో వాడుకలోనున్న దీనిని మనము తేమమాని యందము. వస్తువులను మొదటిసారి చేసి చూచుకొనుటకు కావలసిన యంత్రములన్నియు ఒకచోట చేర్చిన టీ-వర్క్స్ అను నమూనాల నిర్మాణశాల 2023 మార్చి 2వ తేదీన ఈ రాయదుర్గముననే ప్రారంభమైనది. లోహమును కోయుటకు, కర్రను చెక్కుటకు, సర్క్యూట్ పలకలను చేయుటకు అచట సాధనములున్నవి. మన పనికి అంత సరంజామా అక్కరలేదు. కోఠీలోని గుజరాతీ గల్లీకి ఒక ఆదివారము తప్పించి మరియేదినముననైనను పోయివచ్చినచో కావలసినవన్నియు కొలది వందల రూపాయలలో దొరకును.

రైతు ఎరిగిన కొలత

పరికరము జోలికి పోవుటకు ముందు ఒక మాటను గూర్చి నిలిచి యోచింపవలసియున్నది. మన రైతులు తొలకరి జల్లు పడిన మరునాడు “వాన ఎంత కురిసినది?” అని కాదు, “పదునైనదా?” అని అడుగుదురు. నాగటిచాలు లోతునుండి పిడికెడు మట్టిని తీసి పిసికి చూతురు: పొడిపొడిగా రాలిపోయినచో ఇంకను కాలేదు, అరచేతికి బంకవలె అంటుకొన్నచో మించిపోయినది, ఇప్పుడు దున్నినచో పెళ్లలు లేచును, ముద్దయై నిలిచి, నేలపై విడువగా పగిలి చెదరినచో అదియే పదును. విత్తుటకు అదనెంతో పదునంత.

ఈ పదును అనునది నీటి తూకము కాదు. ఆ మట్టి ఆ నాటికి ఆ విత్తునకు సిద్ధముగా ఉన్నదా లేదా యను విషయమే అందులోని అర్థము. అదే పిడికిలి, అవే వ్రేళ్లు, ఎర్ర చెలకలో ఒక తేమను, నల్లరేగడిలో మరియొక తేమను పదునని నిర్ణయించును. శాస్త్రజ్ఞులు దీర్ఘకాలము కృషిచేసి గుర్తించిన భేదము ఈ ఒక్క పలుకులో ఇమిడియున్నది. మన తేమమాని మంచిదా చెడ్డదా యని చెప్పుటకు దీనికన్న కఠినమైన ఒరగల్లు నాకు తోచదు.

పరికరమునకు ఒక లోపము పుట్టుకతోనే కలదు: అది నీటిని చూడలేదు. జ్వరమానిలో మనము చదువునది జ్వరమును కాదు, పాదరసపు పెరుగుదలను. అట్లే ఏ తేమమానియైనను మరియొక గుణమును కొలిచి, దానినిబట్టి నీటిని ఊహించును. ఏ గుణమును కొలుచుచున్నది, ఆ ఊహ ఎచట పొరబడును అను రెండు సంగతులు తెలిసినవానికే అది పనికివచ్చును.

రెండు మేకుల కథ

అన్నిటికన్న సులభమైనది రెండు మేకుల పద్ధతి. రెండంగుళముల ఎడముతో రెండు మేకులను మట్టిలో గ్రుచ్చి, వాని నడుమ విద్యుత్తును పంపి, మట్టి దానిని ఎంత అడ్డగించుచున్నదో చూచుట. ఈ అడ్డగింపునకు నిరోధము అని పేరు. తడిమట్టిలో తక్కువ, పొడిమట్టిలో ఎక్కువ.

నిరోధమును నేరుగా కొలుచుటకు బదులు ఒక చిన్న ఉపాయము పన్నుదురు. నిరోధమెంతో ముందే తెలిసిన ఒక చిన్న తునకను, సాధారణముగా పదివేల ఓములది, మట్టితో వరుసగా కలిపి, ఆ రెండింటికిని అయిదు వోల్టుల విద్యుత్తును పంచియిత్తురు. వరుసగా కట్టినపుడు ఈ పంపకము పాలివారి పంపకమువలె నడచును: ఎవడెక్కువ మొండివాడో వానికే ఎక్కువ వాటా. మట్టి పొడియై మొండికెత్తినచో అయిదింటిలో నాలుగు వోల్టులు దానివంతునకు పోవును. తడిసి మెత్తబడినచో ఒకటి కూడ దక్కదు. ఆ వాటాను చదువుటకు ఆర్డుయినో అను చేతి వెడల్పు పలక చాలును. 2005లో ఇటలీ దేశపు ఇవ్రియా పట్టణమున, విద్యార్థులకు చవుకగా దొరకవలెనని పుట్టిన ఈ పలక, సున్నకును అయిదు వోల్టులకును నడుమ 1024 మెట్లు కట్టి, మట్టివాటా ఏ మెట్టుపై నిలిచినదో ఒక సంఖ్యగా చెప్పును. సంఖ్య పెద్దదైన నేల పొడి, చిన్నదైన తడి.

ఇంత సుళువైనది అంత నమ్మదగినది కాకపోవుటకు కారణము విద్యుత్తు నీటిలో ప్రయాణించు తీరులోనే కలదు. శుద్ధజలము విద్యుత్తును దాదాపు పోనీయదు. నీటిలో కరిగిన లవణములే దానిని మోయును. ఏరు నిండుగా ఉన్నంతమాత్రమున ఆవలిగట్టు చేరలేము గదా; పుట్టి యుండవలెను. లవణములు పుట్టులు, నీరు ఏరు. మన రెండు మేకులు లెక్కించునది ఏటి లోతును కాదు, పుట్టుల రాకపోకలను. కుండీలో చిటికెడు పొటాషు వేసిననాడు నీటిబొట్టు పెరుగకుండనే పుట్టులు పెరుగును. పరికరము “తడిసినది” అని చాటును. బోరునీరు పోసిననాటి సంఖ్యయు, వాననీరు పోసిననాటి సంఖ్యయు ఒకటిగా ఉండవు.

రెండవ దోషమును నేను స్వయముగా అనుభవించితిని. మొదటి తేమమానిని ఇనుపమేకులతో చేసి, విద్యుత్తును రేయింబవళ్లు ప్రవహింపనిచ్చి, సంఖ్య ఒక హద్దు దాటగనే చిన్న మోటారు నీరు పోయునట్లు అమర్చి, ఆధునిక భగీరథుడనని మురిసితిని. విద్యుత్తు ఒకే దిక్కుగా సాగుచున్నపుడు ఒక మేకులోని లోహము అణువణువుగా కరిగి మట్టిలో కలియును, మిగిలినదానిపై తుప్పుపొర యేర్పడును. పొర దట్టమైనకొలది నిరోధము పెరిగినది; నిరోధము పెరిగినకొలది పరికరము నేల ఎండుచున్నదని నమ్మినది; నమ్మినకొలది మోటారు నీరు పోసినది. మూడు వారములలో మా కరివేపాకు మొక్క కుళ్లి చచ్చినది. మేకును పైకి తీయగా సగము లేదు.

ప్రతిక్రియ కష్టము కాదు. అరగంటకొకమారు, కన్నుమూసి తెరుచునంతసేపు మాత్రమే విద్యుత్తును పంపి కొలువవలెను. పంపినపుడెల్ల దిక్కును మార్చవలెను, ఇప్పుడు కుడినుండి ఎడమకు, వెంటనే ఎడమనుండి కుడికి. మేకులు తుప్పుపట్టని ఉక్కువి కావలెను. ఇంత చేసినను పుట్టుల దోషము తీరదు.

సుద్దలో దాచిన మేకులు

దానికి విరుగుడును 1940లో అమెరికాలోని మిచిగన్‌లో బూయోకాస్, మిక్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మేకులను నేరుగా మట్టిలో గ్రుచ్చక, జిప్సము దిమ్మలో పొదిగి, ఆ దిమ్మను పాతిపెట్టుడనిరి. జిప్సమనగా మరేమియు కాదు, చవితి విగ్రహములకు వాడు ప్లాస్టర్ ఆఫ్ పారిసు నీటితో కలిసి గట్టిపడిన పిమ్మటి రూపము. అది ఒకవిధమగు గట్టి స్పంజి: చుట్టునున్న మట్టి తడిసిన తానును తడియును, మట్టి ఎండిన తన నీటిని దానికి ఇచ్చివేయును. అదిగాక జిప్సము లీటరు నీటికి రెండు గ్రాములకు కొంచెము పైగా కరగును. ఆ స్వల్పముతోనే దిమ్మలోని నీరు ఎల్లప్పుడును తన పాలి పుట్టులతో నిండియుండును. వెలుపలినుండి మరి నాలుగు పుట్టులు వచ్చినను లెక్క అంతగా మారదు.

వాడిపారవేసిన పెద్ద సిరంజి గొట్టము దీనికి చక్కని మూస. సూది తొడుగు కొనను కోసివేసి, రెండు ఉక్కు మరమేకులను తాకకుండ నిలిపి, పెరుగువలె కలిపిన ప్లాస్టరును పోసి, గట్టిపడిన పిదప పిడితో వెలుపలికి నెట్టవలెను. ఇది మెల్లమెల్లగా కరిగిపోవును గనుక కొన్నియేండ్లకు మార్చుకొనవలెను. మరియు నేల బాగుగా తడిసియున్నంతసేపు ఇది మౌనము వహించి, ఎండుట ఆరంభమైన పిమ్మటనే నోరు విప్పును. వానపై ఆధారపడిన పొలమునకు సరిపోవును గాని, నిత్యము నీరు పోయు కుండీకి నేను దీనిని చెప్పను.

రథోత్సవమున జనమువలె

నేడు కుండీలకు ఎక్కువగా వాడుచున్నది మూడవ పద్ధతి. ఇందు విద్యుత్తు మట్టిలో ప్రవహింపనే ప్రవహింపదు. చదునైన పలకలో రెండు రాగిరేకులు, వానిపై రంగుపూత. మట్టి ఆ పూతను తాకునేగాని రాగిని తాకదు, కావున తుప్పు బెడద లేదు. రేకులపై విద్యుదావేశమును నింపగా, చుట్టునున్న పదార్థమునుబట్టి అవి కొంత ఎక్కువగనో తక్కువగనో పట్టును. ఇట్లు పట్టు గుణమును ధారణశక్తి యందము, ఆంగ్లమున కెపాసిటెన్సు.

నీరు దానిని పెంచుట ఎట్లు? నీటి అణువునకు ఒక కొన ధనము, ఒక కొన ఋణము. రథోత్సవమున మాడవీధిలో నిండిన జనమును తలంచుకొనుడు. దేవుడు తూర్పున ఉన్నంతసేపు ముఖములన్నియు తూర్పునకే. రథము మలుపు తిరుగగనే ముఖములన్నియు అటు తిరుగును. రేకులపై ఆవేశము సెకనుకు లక్షలసార్లు దిక్కు మారుచుండగా, నీటి అణువులు ఆ మార్పు ననుసరించి తిరుగుచుండును. అట్లు తిరుగుటయే ధారణశక్తిని పెంచుట. ఇసుకరేణువులు వీధిలోని రాతిస్తంభములు. వానికి ముఖములు లేవు. శూన్యమునకు 1 అని లెక్కకట్టినచో గాలికి దాదాపు అంతే, మట్టిలోని ఖనిజములకు 3 మొదలు 5, నీటికి సుమారు 80. ఇంత వ్యత్యాసముండుటచేతనే కొద్దిపాటి తడియైనను వెంటనే బయటపడును. 1980లో కెనడా దేశమున టాప్, డేవిస్, అన్నన్ అనువారు పలురకముల నేలలను పరీక్షించి, ఈ గుణమునకును నీటి పరిమాణమునకును గల సంబంధము చాలవరకు నేలనేలకును ఒకటేయని చూపిరి. వారు సంకేతమును తీగెలగుండ పంపి తిరిగివచ్చు కాలమును కొలిచిన పద్ధతి ఖరీదైనది, మన చవుకపలకది అదే సూత్రమునకు పేదరూపము.

మన పలకలో ధారణశక్తిని సంఖ్యగా మార్చునది 555 అను చిన్న గడియారపు చిప్పు. చెంబు త్వరగా నిండును, గంగాళము ఆలస్యముగా నిండును. నిండు వేగమునుబట్టి పాత్ర పరిమాణము తెలియును. హాన్స్ కామెన్‌జిండ్ అను స్విట్జర్లాండు సంతతివాడు 1971లో రూపకల్పన చేసిన ఈ చిప్పు 1972లో విపణికి వచ్చి, నేటికిని అంగళ్లలో చిల్లరకు దొరకుచున్నది. ఒక హెచ్చరిక: పాతరకము 555 నాలుగున్నర వోల్టులకు తక్కువైన సరిగా పనిచేయదు; సంఖ్యను చదువు మీ ఆర్డుయినో వంటి పలక 3.3 వోల్టులతో నడచునదైనచో, తేమమానిలో దానికి తగిన తక్కువ వోల్టుల రకము చిప్పు ఉన్నదో లేదో చూచి కొనుడు. ఈ తేమమాని పలకలు గాలిలో పెద్ద సంఖ్యను, నీటిలో చిన్న సంఖ్యను చూపును.

లోభి నేల, దాత నేల

ఇప్పుడు మరల పదునువద్దకు రావలెను. రాయదుర్గమునకు వాయవ్యదిశగా, 1972లో పటాన్‌చెరువున వెలసిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధనాలయపు పొలములలో ఒక విశేషము కలదు: దక్కను పీఠభూమిలోని రెండు ముఖ్యభూములు, రాతినుండి పుట్టిన ఎర్రనేలయు నల్లరేగడియు, ఒకే ప్రాంగణమున ఉన్నవి. ఆ స్థలమును ఎన్నుకొనుటకు అదియు ఒక కారణము. ఈ రెండు నేలలలోను మన తేమమాని నూటికి పదునైదు పాళ్ల తేమను చూపినదనుకొందము. చెలకలో అది హాయియైన స్థితి; మొక్క తలయెత్తి నిలుచును. బరువైన రేగడిలో అదే పదునైదు పాళ్లవద్ద మొక్క వాడి తల వాల్చును.

రేగడి లోభి. వాని ఇంట ధనమునకు కొదువలేదు. కాని దానిలో పెద్దభాగము అతిసూక్ష్మమైన బంకరేణువులను కౌగిలించుకొని యుండును, వేరు ఎంత ప్రాధేయపడినను విడువదు. చెలక దాత, ఉన్నది కొంచెమే, ఉన్నదంతయు ఇచ్చివేయును, మూడుదినములలో చేతులు దులుపుకొనును. కావున “ఎంత నీరున్నది” అనునది ఒక ప్రశ్న, “వేరు ఎంత బలముతో లాగవలెను” అనునది మరియొక ప్రశ్న. రెండవదానిని కొలుచునది టెన్సియోమీటరు: మెరుగుపూత లేని పింగాణి గిన్నెను గొట్టమునకు తగిలించి, నీటితో నింపి బిగించి మట్టిలో నిలిపినచో, ఎండుచున్న నేల గిన్నె గోడగుండ నీటిని లాగును, ఆ లాగుడు పైనున్న ముల్లుపై తెలియును. మన మట్టికూజా చెమర్చుటలోని సూత్రమే ఇది. రైతు పిడికిలికి అన్నిటికన్న దగ్గరి చుట్టము ఈ పరికరమే. అయినను గాలి పీడనముపై ఆధారపడియుండుటచే సుమారు 80 కిలోపాస్కలులు దాటినచో లోపల బుడగలు చేరి చేతులెత్తివేయును.

రేగడితో వచ్చు మరియొక చిక్కును ఆ నేలను ఎరిగినవారు ముందే ఊహించియుందురు. వేసవిలో అది నెఱ్ఱెలు విచ్చును. పలకప్రక్కనే ఒక నెఱ్ఱె విచ్చినచో పరికరము అటుపైన కొలుచునది గాలిని. మన కుండీల సంగతి వేరు: నర్సరీవారు నింపునది ఎర్రమట్టి, పశువులఎరువు, కొబ్బరిపొట్టు కలిపిన మిశ్రమము, కొబ్బరిపొట్టు తన బరువుకు అనేక రెట్లు నీరు పట్టును. అందలి సంఖ్య చెలకకును చెల్లదు, రేగడికిని చెల్లదు.

త్రాసు ముందు పరీక్ష

కాబట్టి అంగడినుండి వచ్చిన తేమమాని, అక్షరములు రాని బాలుని వంటిది. దానికి మీ మట్టితోనే ఓనమాలు దిద్దింపవలెను. గురువు త్రాసు. ప్రయోగశాలలో మట్టిని 105 డిగ్రీల వేడిలో ఒక దినము ఆరబెట్టి, ముందటి తూకమునకును వెనుకటి తూకమునకును గల భేదమే నీరని నిర్ణయింతురు. ఇంటిలో కుండీమట్టిని పల్చగా పరచి, రెండు మూడు దినములు మంచి యెండలో ఆరబెట్టినచో పనికి సరిపోవును. ప్రయోగశాలలో ఆరినంతగా ఆరదు గాని, మొక్కకు అందని ఆ మిగులుతడితో మనకు ప్రయోజనము లేదు.

ఆరిన మట్టిని కిలో తూచి ఒక డబ్బాలో నొక్కి నింపి, పలకను గ్రుచ్చి, సంఖ్యను ఒక పట్టికలో వ్రాసికొనుడు. పిదప మట్టిని పళ్లెములో క్రుమ్మరించి, 50 మిల్లీలీటర్ల నీరు చల్లి, పిండి కలిపినట్లు సమముగా కలిపి, మూతపెట్టి ఒక రాత్రి యుంచి, అదే డబ్బాలో అదే ఎత్తువరకు నొక్కి, మరల చూడుడు. ఇట్లు నీరు అడుగున ఊరువరకు సాగింపుడు. వదులుగా నింపిన మట్టిలో గాలి సందులు మిగిలి పొడిదనపు సంఖ్య వచ్చును. పట్టికలు తప్పువారిలో చాలమంది ఇచటనే తప్పుదురు. వారము దినములలో ఏడెనిమిది సంఖ్యలు చేరును.

అయితే పట్టికలోని ముఖ్యమైన గీటు త్రాసు చెప్పునది కాదు. నీరు కలిపిన ప్రతిమారును పిడికెడు మట్టిని పిసికి చూడుడు. ముద్దయై నిలిచి, వేయగనే పగిలిననాటి సంఖ్యప్రక్కన “పదును” అని వ్రాయుడు. అరచేతికి అంటుకొన్ననాటి దానిప్రక్కన “చాలు” అని వ్రాయుడు. మోటారుకు నేర్పవలసినవి ఈ రెండే: పదును దాటి పొడివైపు మొగ్గినపుడు మొదలిడుట, “చాలు” చేరకమునుపే ఆగుట. అట్లు నేర్పిన రెండవ తేమమాని మా వసారాలో రెండు వేసవులు గడిపినది. క్రొత్తగా నాటిన కరివేపాకు కమ్ములకు పైగా పెరిగినది.

పలకను గ్రుచ్చుటకు ముందు ఒక జాగ్రత్త. రంగుపూత పలక ముఖముననే యుండును, కోసిన అంచులపై ఉండదు. ఆ అంచులవెంట నీరు మెల్లగా లోనికి ప్రాకి, కొన్నివారములకు సంఖ్యలను చెడగొట్టును. అంచుల చుట్టును గోళ్లరంగు రెండు పూతలు పూసి, ఒక రాత్రి ఆరనిచ్చి, పలకపై గుర్తించిన గీతవరకు మాత్రమే గ్రుచ్చుడు. చిప్పును తీగెలును మట్టికి పైననే యుండవలెను.